కుట్టే సో, ఇత్తే సో

జోగులమ్మ చేతిరాత చూసి, కాలేజీకి కొత్తగా వచ్చిన లెక్చరర్లు కూడా "ఎవరిదీ పేపర్?" అని అడిగేవాళ్లు. గుండ్రటి అక్షరాలు, తాడు పట్టి గీసినట్టుండే వరుసలు. ఆ అందమైన అక్షరాల్లో ఎన్ని తప్పులుంటాయో ఇంగ్లిష్ చెప్పే నరేందర్ సారుకి బాగా తెలుసు. అందుకే ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారానికి ఆయన ఫోన్ చేసి అడిగిన సంగతి ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

"గద్వాల డిగ్రీ కాలేజీల శ్రీజ అని ఉన్నదమ్మా, నా పాత స్టూడెంటే. పుట్టినప్పటి నుంచి చూపు లేదు. ఫైనల్ పరీక్షలకు ఆమె చెప్తుంటే రాయడానికి ఒక మనిషి కావాలె. ఆమె కంటే తక్కువ చదువున్నోళ్లే రాయాలని రూలు. నువ్వు రాస్తవా?"

"సార్, నాకు స్పెల్లింగులు రావు కదా!"

"ఆ మాట ఆమెకే చెప్పు. ఆమెకు తెలిసి ఉంటే మంచిది" అన్నాడాయన నవ్వుతూ.

జోగులమ్మది మానవపాడు. తండ్రి బాలయ్య మిరప పండిస్తాడు. ఆ రోజుల్లో కల్లమంతా ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. తల్లి చెప్పే మిర్చి ఏరుడు పని తప్పించుకుని గద్వాల పోవడానికి ఇంతకంటే మంచి వంక దొరకదనిపించి జోగులమ్మ ఒప్పుకుంది. అంతకు మించి ఆమె మనసులో పెద్ద ఉద్దేశమేమీ లేదు.

శ్రీజ వాళ్లది నేతగాళ్ల వీధి. ఇంట్లో అడుగుపెట్టగానే ముందుగదిలో మగ్గం చప్పుడు. శ్రీజ తల్లి పద్మమ్మ గుంటలో కాళ్లు పెట్టి నేస్తోంది. మూలన గోడకు ఆనుకుని సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి రాట్నం తిప్పుతూ కండెలకు పట్టు చుడుతోంది. దారం తెగగానే ఆమె వేళ్లు ఆగాయి, రెండు కొసలు వెతికాయి, ముడేశాయి, మళ్లీ చక్రం తిరిగింది. ఇదంతా ఆమె తల గుమ్మం వైపు తిప్పి ఉండగానే జరిగిపోయింది.

"మానవపాడు పిల్లవేనా? రా, కూసో. నీ పేరు జోగులమ్మ అని సార్ చెప్పిండు. మంచిగుంది పేరు."

కాలేజీలో ఆ పేరు విని 'అవ్వా' అని వెక్కిరించేవాళ్లే తప్ప మంచిగుందన్నవాళ్లు లేరు. అలంపురం అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని నాయనమ్మ పెట్టిన పేరు అది. జోగులమ్మ సిగ్గుపడి చాప మీద కూర్చుంది.

ఆ రోజే సాధన మొదలుపెట్టారు. శ్రీజ గద్వాల చీర గురించి ఒక పేరా ఇంగ్లిష్‌లో చెప్పింది. గబగబా కాదు, నింపాదిగా, కామాలూ ఫుల్‌స్టాప్‌లూ చెబుతూ. జోగులమ్మ రాసింది. "చదువు" అంటే గడగడా చదివింది. చదువుతుంటే తనకే ముచ్చటేసింది. ఒక్క మాట కూడా తడబడలేదు.

"మంచిగ చదివినవ్" అంది శ్రీజ. "మూడో లైన్ల వీక్ అని ఉన్నది కదా, ఆ మాట ఒక్కొక్క అక్షరం చెప్పు."

"డబ్ల్యూ, ఈ, ఏ, కే."

శ్రీజ పకపకా నవ్వింది. "అమ్మా, మన చీర వారంల నేసేది కాదంట, బలహీనంగ నేసేదంట!"

మగ్గం మీది నుంచి పద్మమ్మ కూడా నవ్వింది. జోగులమ్మ మొహం చిన్నబోయింది. శ్రీజ వదల్లేదు. ఇంకో నాలుగు మాటలు అలాగే అక్షరాలుగా చదివించింది. అందులో మూడు తప్పు.

"నన్ను నమ్ముతలేవా అక్కా?" అంది జోగులమ్మ. గొంతులో కోపం దాచుకోలేకపోయింది.

శ్రీజ రాట్నం పక్కకు జరిపింది. "నీకొక ముచ్చట చెప్త, విను. పోయిన ఏడు పూనా నుంచి ఒకామె మా చీర కావాలని ఫోన్ల మెసేజ్ పెట్టింది. కొంగుల జరీ ఎంతుంటదని అడిగింది. కొంగు మొత్తం జరీనే అని చెప్పాలె. హోల్ అనే మాట కొత్తగ నేర్చుకున్న, అందుకని ఉత్సాహంగ, హోల్ పల్లూ అని ఫోన్‌కు చెప్పిన. అది రాసింది. పంపే ముందు నాకు చదివి వినిపించింది గూడ. హోల్ పల్లూ. ఒప్పే కదా? పంపిన. ఆమె దగ్గరి నుంచి ఏం జవాబొచ్చిందో తెల్సా? కొంగుకు చిల్లున్న చీర నాకొద్దు అని."

జోగులమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత కోపం మరిచిపోయి నవ్వింది.

"డబ్ల్యూ పెడితే మొత్తం, డబ్ల్యూ తీస్తే చిల్లు" అంది శ్రీజ. "నేనూ మస్తు నవ్విన. తర్వాత నవ్వు రాలే. కాలేజీల పరీక్షల గూడ గిట్లనే అవుతున్నదని అప్పుడు తెలిసింది. నేను చెప్తుంటే ఎవరో ఒకరు రాస్తరు. చివరికి చదివి వినిపిస్తరు. అంతా సరిగనే వినపడ్తది. ఇంగ్లిష్ మేడమ్ మాత్రం స్పెల్లింగులకు మార్కులు తీసేస్తది. చూపున్నోళ్లకు తప్పు కండ్లకు కనపడ్తది జోగూ. నాకు తప్పు వినపడాలె. ఈ మాటల్ల తప్పు వినపడదు. తప్పు గూడ ఒప్పు లెక్కనే పలుకుతది."

ఆ సాయంత్రం బస్సులో జోగులమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆ మాట గురించే ఆలోచించింది. తన పేపర్లో తప్పు రాస్తే తన మార్కు పోతుంది. దానికి ఆమె ఎప్పుడూ పెద్దగా బాధపడలేదు. తను తప్పు రాస్తే ఇంకొకరి మార్కు పోవడం, ఆ ఇంకొకరికి తప్పు జరిగిందని కూడా తెలియకపోవడం, ఇది వేరే సంగతి. మర్నాడు పొద్దున్నే గద్వాల పోయి గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

"అక్కా, నాతోని కాదు. స్పెల్లింగులు మంచిగ వచ్చేటోళ్లను చూసుకో."

"ఎవరున్నరో చెప్పు, ఇప్పుడే పోయి తెచ్చుకుంట" అంది శ్రీజ. తర్వాత మెల్లగా అంది. "తప్పు చెయ్యనోళ్లు నాకు దొరకరు జోగూ. నిన్న నువ్వు అలిగినవ్. అలిగి, మళ్లొచ్చి నాతోని కాదని నిజం చెప్పినవ్. ఇంతకు ముందు రాసినోళ్లు ఎవ్వరు గూడ నాకు రాదని చెప్పలే. లోపలికి రా, చాయ్ తాగు."

జోగులమ్మ లోపలికి వచ్చింది. ఆ తర్వాత పరీక్షల దాకా ఒక్కరోజు కూడా మానలేదు.

పదో తరగతి వరకు శ్రీజ హైదరాబాద్‌లో చూపులేని పిల్లల బడిలో చదివింది. చుక్కల అక్షరాలు వేళ్లతో చదవడం అక్కడే నేర్చుకుంది. ఒకేలా పలికే మాటలు చెవికి ఒకటే అయినా వేళ్ల కింద వేరువేరుగా తగులుతాయి కాబట్టి, పూనా సంగతి జరిగినప్పటి నుంచి అలాంటి మాటలను పట్టుకుని, ఒక్కొక్కటి మందపాటి కాగితం మీద పొడుచుకుని, తడిమి తడిమి గుర్తుపెట్టుకుంది. కొత్త మాట ఫోన్‌లో వినగానే అక్షరాలు చెప్పించుకునేది. అలా ఆమెకు చాలా మాటలు వచ్చేశాయి. సమస్యల్లా వాటిని జోగులమ్మ చేతికి ఎలా అందించాలన్నదే. ప్రతి మాటకూ అక్షరాలు చెబుతూ పోతే పరీక్షలో సగం కూడా పూర్తి కాదు.

దారి దొరికింది జోగులమ్మ వల్లనే. ఒకరోజు శ్రీజ చెబుతున్న వాక్యంలో 'సో' అని వచ్చింది. జోగులమ్మ కలం ఆపింది.

"ఏ సో అక్కా? మీరు కుట్టే సోనా, మేము ఇత్తే సోనా?"

శ్రీజ మొహం వెలిగింది. "మళ్ల చెప్పు!"

"మీ చీరకు అంచు కుట్టు ఉంటది కదా, ఆ కుట్టుడా? మా చేన్ల ఇత్తనాలు ఇత్తుడా? నాకు రెండూ ఒకటే వినపడ్తయి. మూడోది గూడ ఉన్నది, ఊకె 'కాబట్టి' అనే సో."

"ఇగ ఇదే మన పద్ధతి" అంది శ్రీజ. "నేను కుట్టే సో అంట, ఇత్తే సో అంట. నువ్వు రాయి. స్పెల్లింగు మర్చిపోకుంట నేనొకటి చెప్త చూడు. చేన్ల సాలును ఇంగ్లిష్‌ల ఏమంటరు? రో. ఆర్, ఓ, డబ్ల్యూ. సాల్లనే కదా ఇత్తేది? ఇత్తే సోకు గూడ చివర ఓ డబ్ల్యూ. కుట్టేది కొత్త చీర. కొత్త అంటే న్యూ. దాని చివర ఈ డబ్ల్యూ. కుట్టే సోకు గూడ ఈ డబ్ల్యూ."

జోగులమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్లుగా ఇంగ్లిష్ స్పెల్లింగులంటే ఎవరో కావాలని ఇష్టమొచ్చినట్టు పెట్టారనుకునేది ఆమె. అక్షరాలకు ఊళ్లో మనుషుల్లాగా చుట్టరికాలుంటాయని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వింత భాష ఒకటి పుట్టింది. వారం వీక్, బలహీనం వీక్. మొత్తం హోల్, చిల్లు హోల్. అక్కడ దేర్, వాళ్ల దేర్. కలిసే మీట్, వండే మీట్. కాలేజీ ప్రిన్సిపల్, నీతి ప్రిన్సిపుల్. పద్మమ్మ నేస్తూ నేస్తూ నవ్వి, "మీ ఇద్దరికీ పిచ్చి లేసింది" అనేది. ఒకరోజు తనూ కలిసింది. "ఓ పిల్లా, అద్దకపోళ్లు రంగును డై అంటరు కదా, సచ్చిపోతే గూడ డై అంటరంట నిజమేనా?"

"నిజమేనమ్మా" అని శ్రీజ జోగులమ్మ వైపు తిరిగింది. "సచ్చే డై, పండుకునే లై ఒక్క తీరు. రెండిట్ల ఐ ఈ. రంగు డైకి వై ఈ. ఎందుకంటే రంగు కన్నుతోని చూసేది. ఐ అంటే కన్ను కదా, దాంట్ల గూడ వై ఈ ఉన్నది. కన్ను, రంగు ఒక ఇంటివి."

ఆ మాట ఆమె ఎంతో మామూలుగా అంది. జోగులమ్మ మాత్రం తలెత్తి ఆమె మొహాన్ని చూసింది. పద్మమ్మ కూడా ఒక్క నిమిషం నేత ఆపింది. రంగు ఎన్నడూ చూడని పిల్ల, రంగును గుర్తుపెట్టుకునే ఉపాయం తాను కనిపెట్టి ఇంకొకరికి పంచుతోంది. శ్రీజ గొంతులో మాత్రం మంచి ఉపాయం దొరికిందన్న సంబరం తప్ప ఇంకేమీ లేదు.

పరీక్ష రోజు శ్రీజకు విడిగా చిన్న గది ఇచ్చారు. బల్లకు ఒకవైపు శ్రీజ, ఒకవైపు జోగులమ్మ. ఇన్విజిలేటర్‌గా వచ్చిన విజయ్ సార్ వేరే ఊరి లెక్చరర్, నెమ్మదస్తుడు. ప్రశ్నపత్రం జోగులమ్మ చదివింది. వ్యాసం 'మా ప్రాంతపు చేతివృత్తి' గురించి. శ్రీజ పెదాల మీద నవ్వు మెరిసింది.

మొదటి ప్రశ్నల జవాబులు బాగానే సాగాయి. వ్యాసం మొదలై నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో విజయ్ సార్ కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. ఇంగ్లిష్ పేపర్ల నడుమ ఈ తెలుగు మాటలేంది? రంగు అంటరు, మొత్తం అంటరు. ఏం సైగలివి?"

"సైగలు కాదు సార్" అంది శ్రీజ. "ఒక్క తీరుగ పలికే మాటలల్ల ఏది రాయాల్నో చెప్తున్న."

ఆయన తలూపాడు. "నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కానీ నా అంతట నేను ఒప్పుకుంటే రేపు నీకే ఇబ్బంది రావచ్చు. చీఫ్ మేడమ్‌ను పిలిపిస్త. అప్పటిదాకా రాయొద్దు."

ఆయన వరండాలో నిలబడి మనిషిని పంపాడు. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. జోగులమ్మ గోడ గడియారం వంక చూసింది. "అక్కా, టైమ్ పోతున్నది" అంది గుసగుసగా. శ్రీజ పెదాలు కదులుతున్నాయి. మిగిలిన వ్యాసాన్ని లోపల్లోపల కూర్చుకుంటోంది.

చీఫ్ సూపరింటెండెంట్ మేడమ్ వచ్చి అంతా విన్నది. "స్పెల్లింగు చెప్పొచ్చు. తెలుగుల వివరించొచ్చని మాత్రం రూల్స్‌ల లేదమ్మా. పేపర్ క్యాన్సిల్ అయితే నష్టం నీకే" అంది జాలిగానే.

"సరే మేడమ్. తెలుగుల అర్థాలు చెప్పను."

తర్వాతి రెండు వాక్యాలకు శ్రీజ అనుమానం ఉన్న ప్రతి మాటకూ అక్షరాలు చెప్పింది. గడియారం ముందుకు పరుగెడుతోంది. ఇలాగైతే వ్యాసం సగంలో ఆగిపోతుంది, ఆ తర్వాతి ప్రశ్న ముట్టుకోవడానికే వీలుండదు. జోగులమ్మకు ఆ సంగతి తెలుస్తోంది. శ్రీజకూ తెలుస్తోంది. ఆమె బల్ల మీద చేతులు ముడుచుకుని, అక్షరాలు చెప్పడం మానేసింది. మామూలుగా వాక్యం వెంట వాక్యం చెప్పుకుంటూ పోయింది.

ఇక జోగులమ్మకు సాయం లేదు. ఏ హోల్, ఏ వీక్, ఏ దేర్, అన్నీ తనే తేల్చుకోవాలి. నేతగాళ్లు ఒక చీరకు వారం పైన కష్టపడతారు అన్నది మొదటి వాక్యం. వీక్. వారం. రెండు ఈ అక్షరాలు పక్కపక్కనే. రాసింది. దారానికి రంగు అద్దుతారు. డై. కన్ను, రంగు ఒక ఇంటివి. రాసింది. అంచును చీర ఒంటికి కలిపి కుడతారు. సో. కొత్త చీర. ఈ డబ్ల్యూ. రాసింది. రాను రాను ఆమె మాటలు వినడం మానేసి వాక్యం చెబుతున్న సంగతిని వినసాగింది. అర్థం చెవిన పడితే చాలు, అక్షరాలు వాటంతట అవే వరుస కట్టాయి. తను ఇంగ్లిష్ అర్థం చేసుకుంటూ రాస్తోందని, జీవితంలో మొదటిసారి, ఆ బల్ల దగ్గరే ఆమెకు తెలిసింది.

వ్యాసం చివరికి వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లు మా అమ్మ నేతను మెచ్చుకుంటారు అని చెబుతూ శ్రీజ 'కాంప్లిమెంట్' అన్న మాట వాడింది. జోగులమ్మ కలం టక్కున ఆగింది. ఈ మాట వాళ్లు ఎప్పుడూ సాధన చెయ్యలేదు. మధ్యలో ఐ వస్తుందా, ఈ వస్తుందా? రెండూ చూసిన గుర్తుంది. ఏది ఏదో తెలియదు. రాసే మనిషి అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. నోరు విప్పితే విజయ్ సార్ వింటాడు.

శ్రీజ తల కొంచెం పక్కకు వాలింది. రెండు క్షణాలు వింది. తర్వాత, ఏమీ జరగనట్టు, తొణక్కుండా అంది. "ఆ వాక్యం కొట్టెయ్. మళ్ల చెప్త." అదే వాక్యాన్ని ఈసారి 'ప్రెయిజ్' అన్న మాటతో చెప్పింది. మెచ్చుకోలు అలాగే ఉంది. చిక్కు మాట మాత్రం పోయింది.

జోగులమ్మ ఆ వాక్యం రాస్తుంటే అక్షరాలు మసకబారాయి. కన్నీళ్లు కాగితం మీద పడకుండా మోచేతితో తుడుచుకుంది.

చివరి జవాబు పూర్తయ్యాక కొద్ది నిమిషాలే మిగిలాయి. విజయ్ సార్ దగ్గరికి వచ్చి, "స్పెల్లింగులు చెక్ చేసుకుంటవా అమ్మా? అక్షరాలు చదివించుకోవచ్చు" అన్నాడు.

"అవసరం లేదు సార్" అంది శ్రీజ.

"ఇంత పట్టుబట్టినవు కదా, ఎందుకొద్దు?"

"రాసింది మా జోగులమ్మ సార్."

పేపర్ తీసుకుని ఆయన అక్కడే నిలబడి వ్యాసం మొత్తం చదివాడు. శ్రీజ చేతికర్ర బల్ల కింద పడి ఉంటే వంగి తీసి ఆమె చేతికిచ్చి, గుమ్మం దాకా వచ్చి, "మంచిగ పోండి బిడ్డలూ" అన్నాడు.

బయట వేపచెట్టు నీడలో జోగులమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "అక్కా, ఆ మాట నాకు రాదని నీకెట్ల తెల్సింది? నేను ఒక్క మాట గూడ అనలే!"

"నీ పెన్ను ఆగింది" అంది శ్రీజ. "నెలరోజుల సంది నీ పెన్ను చప్పుడు వింటున్న. తెలిసిన మాటకు ఉరుకుతది. అనుమానమైతే మెల్లగ నడుస్తది. అట్ల మొత్తానికే ఆగుడు ఎన్నడూ లే. ఆ మాట స్పెల్లింగు నాకు గూడ గట్టిగ తెల్వదు, అందుకే మాటనే మార్చిన."

"మరి అక్షరాలు చెప్పుడు బంద్ చేసినవ్ కదా, నేను తప్పు రాస్తే?"

"తప్పు రాస్తే రాసేదానివి. అది నా చేతుల లేదు. కానీ నువ్వు ఇదివరకటి లెక్క లేవు జోగూ. నేను చెప్పక ముందే నువ్వు సగం వాక్యానికే ఏ మాట వస్తదో పట్టేస్తున్నవ్. నాకు వినపడ్తది కదా."

జోగులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తన పదిహేడేళ్ల బతుకులో ఇంత శ్రద్ధగా తనను విన్న మనిషి ఇంకొకరు లేరు.

వానాకాలం మొదట్లో ఫలితాలు వచ్చాయి. ఇంగ్లిష్‌లో కాలేజీ మొత్తంలో శ్రీజదే మొదటి స్థానం. నరేందర్ సార్ ఆ కబురు ముందు జోగులమ్మకే ఫోన్ చేసి చెప్పాడు. ఆమె విత్తనాల సంచి గట్టు మీద పెట్టి, బురద కాళ్లతోనే ఇంటికి పరుగెత్తి, తల్లికి చెప్పి, నాయనమ్మకు చెప్పి, పక్కింటివాళ్లకు కూడా చెప్పింది. "నీకా బిడ్డా ఫస్ట్ వచ్చింది?" అని వాళ్లు అడిగితే, "కాదు, మా శ్రీజక్కకు" అని తనకే వచ్చినంత గొప్పగా చెప్పింది.

శ్రీజకు వనపర్తిలో బి.ఇడి. సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకోవాలి. ఆమె పోయే రోజు జోగులమ్మ తండ్రిని వెంటబెట్టుకుని గద్వాల బస్టాండుకు వచ్చింది. బాలయ్య ఇంట్లో కొట్టించిన కారం పొట్లం పద్మమ్మ చేతికిచ్చి, మొహమాటంగా శ్రీజ వైపు తిరిగాడు.

"మా పిల్ల డిగ్రీల ఇంగ్లిషే తీసుకుంటదంట బిడ్డా. వద్దంటే ఇనదు. ఇదివరకు పుస్తకమంటే మొహం తిప్పుకునేది. ఇప్పుడు మిరపనారు కట్ట కట్టిన పేపర్ గూడ ఇప్పి చదువుతది. ఏం చేసినవో ఏమో!"

"నేనేం చేయలే మామా. నాకే సాయం చేసింది."

వనపర్తి బస్సు వచ్చింది. కండక్టర్ చెయ్యి అందించబోతే శ్రీజ "ఉండనియ్యన్నా" అని, కర్రతో మెట్టు తడిమి, కడ్డీ పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్క సీటు అడిగి కూర్చుంది. పద్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. శ్రీజ మాత్రం అప్పటికే పక్కనున్న ముసలామెను పలకరించి, ఏ ఊరని అడుగుతోంది. బస్సు కదిలి మూల తిరిగే వరకు ఆమె మాటలూ, ఆ ముసలామె నవ్వూ వినిపించాయి.

"పదా, మన బస్సు గూడ వచ్చింది" అన్నాడు బాలయ్య.

జోగులమ్మ వెంటనే కదల్లేదు. బస్సు పోయిన దిక్కు చూస్తూ, "నాయినా, ఇట్లాంటి మనిషిని నేను మళ్ల చూస్తనో లేదో" అంది.

"వనపర్తి ఎంత దూరమని? వచ్చే ఆదివారం పోయి చూసి రా" అన్నాడు బాలయ్య.